తెలియదు అనే గడి

శుక్రవారం మధ్యాహ్నం, జ్లీబ్‌లో రెండో అంతస్తు గది.
ఏసీ నీళ్ళు పెయింట్ డబ్బాలోకి
బొట్టు బొట్టుగా.
యాభై ఐదు దాటినవాళ్ళు కావాలన్నారు.
పదకొండు మంది వచ్చారు,
అందులో ఇద్దరు భోజనం పెడతారనుకుని.

నా చేతిలో ఇరవై ఏడు ప్రశ్నలు.
ఒక్కోదానికీ మూడు గడులు:
నిజం, అబద్ధం, తెలియదు.
తెలియదంటే సున్నా.
అబద్ధాన్ని నిజమన్నా సున్నాయే.
ఆ సున్నా, ఈ సున్నా ఒకటేనా అని
శిక్షణలో అడిగాను.
టీ చల్లారిపోతోంది సిస్టర్, తర్వాత చూద్దామన్నారు.

తెలుగులోకి మార్చినవాడెవడో
కాగితం నెత్తిన లావుపాటి అక్షరాల్లో పెట్టాడు
సుఖవ్యాధులు అని.
చదవగానే రత్తమ్మ నవ్వింది.
పంతొమ్మిదేళ్ళుగా ముగ్గురు మేడమ్‌ల ఇళ్ళలో
అంట్లు తోమిన చేతిని నోటికి అడ్డం పెట్టుకుని
కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.
"ఏ సుఖానికొచ్చిందే తల్లీ ఈ పేరు?
మా ఆయన లారీ దిగొచ్చి నాకిచ్చెళ్ళాడు.
మంత్రసాని సెగ అంది.
సూదేసినాయన ఏమీ అనలేదు, నా మొహం కూడా చూళ్ళేదు.
రాసుకో. నాకు తెలుసని రాసుకో."
ఏ నంబరు కింద రాయాలో వెతికాను,
కాగితం వెనక్కి కూడా తిప్పాను.

తొమ్మిదో ప్రశ్నలో కండోమ్ అనే మాట దగ్గర
చాంద్‌బాషా గొంతు సవరించుకున్నాడు.
"నిరోధేనా? పిల్లల్ని ఆపే సరుకు కదమ్మా.
మాకింక ఆపేదేముంది?"
అందరూ తలలూపారు.
చాలా సబబైన మాట విన్నట్టు.

గంగులప్పకి ఒక్కటే తెలుసు.
రక్తం తీస్తారు.
ఫిట్ అంటే అకామా,
అన్‌ఫిట్ అంటే విమానం.
జబ్బు పేరేమిటని అడిగితే
"చెప్పాను కదా, అన్‌ఫిట్" అన్నాడు.

పెంచలయ్య మాత్రం
గోడ కట్టినట్టు, వరసకి వరస, జవాబులు పేర్చుకుంటూ పోయాడు.
అరవై దాటితే రావు. అబద్ధం.
మనిషిని చూస్తే తెలిసిపోతుంది. అబద్ధం.
దోమ కుడితే వస్తాయి. అబద్ధం.
పంతొమ్మిదో ప్రశ్న:
రోగితో కలిసి తింటే అంటుకుంటాయి.
అక్కడ ఆగాడు.
కింద దర్జీ మిషను రెండు గుడ్డలు కుట్టి ఆగింది.

"నా పైమంచం. మా కోడూరోడే.
రిపోర్టు వచ్చిన్నాడు వాడి కంచానికి
ఎర్రదారం కట్టినా,
మా కంచాల్లో కలవకుండా.
వాడే కడుక్కుంటాండె,
వాడే గోడవార బోర్లించుకుంటాండె.
పదకొండు దినాలు.
పన్నెండో దినం ఎల్లబార్నారు.
ఆ ఎనక, ఆసుపత్రి గోడ మీద బొమ్మ చూసినా.
కంచం పక్కన పచ్చ టిక్కు.
అప్పుడు నువ్వడిగింటే నిజమనే చెప్పింటా.
ఇప్పుడు అబద్ధం. కొట్టుకో."

కొట్టాను. ఒక మార్కు.

మొత్తం ఇరవై ఏడుకి ఇరవై ఆరు.
మా పాలిక్లినిక్‌లో కొత్తగా చేరిన పిల్లలకి
ఇన్ని రావు.
తప్పింది ఆఖరిది ఒక్కటే:
ఈ వయసులోనూ వీటి గురించి డాక్టర్ని అడగవచ్చు.
అక్కడ తెలియదు అని పెట్టాడు.

అందరూ మెట్లు దిగారు.
భోజనానికొచ్చిన ఇద్దరు
నా సంచిలోని ఖర్జూరాల పొట్లం పట్టుకెళ్ళారు.
పెంచలయ్య చెప్పులేసుకుని, మళ్ళీ విడిచి,
"ఒకటడగాల సిస్టర్. రాసుకోగాకు."
పెన్నుకి మూత పెట్టాను.

"ఇప్పుడు దానికి మాత్రలుండాయంట కదా.
ఏసుకుంటే నిండు నూరేళ్ళూ బతకొచ్చంట కదా."
ఉన్నాయి, అన్నాను. బతకొచ్చు, అన్నాను.
రెండూ నాకు తెలిసినవే.

"అయితే వాడుంటాడా?"

ఊరు తెలుసు, ఇంటిపేరు తెలుసు,
ఇన్నేళ్ళలో ఒక్క ఫోనూ చేయలేదట.
తెలియదు, అన్నాను.

తలూపాడు.
డబ్బా నిండిపోయింది,
నీళ్ళు పారబోయడానికి
వంగాడు.